800 మీటర్ల నాటి సలహాతో 1600 మీటర్ల పరుగు: మధ్యదూర పరుగులో వేగం లెక్క

తెలంగాణ పోలీసు నియామకాల దేహదారుఢ్య పరీక్షల్లో 2018 నోటిఫికేషన్ వరకు పురుష అభ్యర్థులు 800 మీటర్లను 170 సెకన్లలో పూర్తి చేయాల్సి ఉండేది. 2022 నోటిఫికేషన్‌తో దూరం 1600 మీటర్లకు పెరిగింది, గడువు 7 నిమిషాల 15 సెకన్లయింది. అంతకుముందు 100 మీటర్ల పరుగు మాత్రమే ఉన్న మహిళా అభ్యర్థులకు 800 మీటర్ల పరుగు వచ్చింది, గడువు 5 నిమిషాల 20 సెకన్లు. నల్లగొండలోని మేకల అభినవ్ స్టేడియంలో, మహబూబ్‌నగర్ స్టేడియం మైదానంలో, మండల కేంద్రాల జూనియర్ కాలేజీ గ్రౌండ్లలో తెల్లవారకముందే సాధన మొదలుపెట్టే యువతీయువకుల మధ్య అప్పటి నుంచి ఒక తర్జనభర్జన సాగుతోంది. మొదటి రౌండులోనే (ట్రాక్ చుట్టూ 400 మీటర్లు) గట్టిగా పరుగెత్తి సమయం మిగుల్చుకోవాలా? లేక చివరి రౌండు కోసం శక్తి దాచుకోవాలా?

రెండు సలహాలూ పుట్టుకతో తప్పుడువి కావు. ఒక్కొక్కటీ ఒక్కో పోటీలో నిజమే. ఒక పోటీకి పుట్టిన సలహాను మరో పోటీకి తగిలించడంతోనే చిక్కంతా వస్తోంది.

క్లుప్తంగా

800 మీటర్ల ప్రపంచ స్థాయి పరుగులో మొదటి రౌండు రెండోదానికంటే వేగంగా ఉండటానికి శరీరధర్మంలోనే కారణం ఉంది. 1500, 1600 మీటర్లలో సమయం ముఖ్యమైతే రౌండ్లన్నీ దాదాపు సమానంగా ఉండటమే లాభం. పతకం ముఖ్యమైన ఫైనళ్లలో మాత్రం సమయం లెక్క పక్కకు పోయి ఎత్తుగడలు ముందుకు వస్తాయి. గడువు దాటకుండా గీత దాటడమే లక్ష్యమైన నియామక పరీక్ష ఈ మూడింటిలో రెండో కోవకు చెందుతుంది. దక్షిణ తెలంగాణ మైదానాల్లో నేటికీ ఎక్కువగా వినిపించే సలహా మొదటి కోవది.

దూరం మారింది, సలహా మారలేదు

800 మీటర్లకు 170 సెకన్లంటే రౌండుకు 85 సెకన్లు. సెకనుకు 4.7 మీటర్ల వేగం. 1600 మీటర్లకు 435 సెకన్లంటే రౌండుకు 108 సెకన్ల 75 వందో వంతులు. సెకనుకు 3.7 మీటర్లకు కాస్త తక్కువ. దూరం రెట్టింపైనా కోరే వేగం ఐదో వంతుకు పైగా తగ్గింది. అంటే పరీక్ష స్వభావమే మారిపోయింది. పాత పరీక్షలో మూడు నిమిషాలలోపు కాళ్ల సత్తువ, ఆయాసాన్ని ఓర్చుకునే తెగువ చాలావరకు పని చేసేవి. కొత్త పరీక్ష ఏడు నిమిషాలు నిలకడగా పరుగెత్తగల ఊపిరిని అడుగుతోంది.

గ్రౌండులో సలహాలు మాత్రం సీనియర్ల నుంచి జూనియర్లకు నోటిమాటగా చేరుతాయి. 2016లో, 2018లో ఎంపికైన అన్నలు చెప్పేది తమ కాళ్లకు తెలిసిన లెక్క: ‘మొదటి రౌండు 80 సెకన్లకు అటూ ఇటూగా లాగేయాలి, రెండోది ఎలాగో గడుస్తుంది’. 800కు ఇది మరీ చెడ్డ సలహా కాదు. రెండో రౌండులో 90 సెకన్లు పట్టినా 170లోనే పని అయిపోతుంది. 1600లో ఆ ‘ఎలాగో గడిచే’ భాగం ఒక రౌండు కాదు, మూడు రౌండ్లు.

దీనికి సైన్యం నియామకాలు మరో ముడి వేశాయి. అగ్నివీర్ ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగును 5 నిమిషాల 30 సెకన్లలోపు ముగించినవారికే పరుగుకు కేటాయించిన పూర్తి మార్కులు. అంటే రౌండుకు 82.5 సెకన్లు. ఒకే మైదానంలో ఒకే దూరానికి ఇద్దరు సాధన చేస్తుంటారు. ఒకరికి కావలసింది 82, ఇంకొకరికి 108. పక్కవాడి వెంట పడి పరుగెత్తే అలవాటున్న చోట రెండో అభ్యర్థి మొదటివాడి వేగానికి బలి కావడం సహజం.

ఒంట్లో జరిగేది: బోరు, ట్యాంకు

పరుగుకు కావలసిన శక్తి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి ఊపిరితిత్తులు, గుండె, రక్తం ద్వారా అందే ఆక్సిజన్‌తో నిరంతరం తయారయ్యేది. రెండోది ఆక్సిజన్ అందకముందే, లేదా చాలనప్పుడు, కండరం తన నిల్వల నుంచి అప్పటికప్పుడు తీసేది. పాలమూరు, నల్లగొండ రైతుకు ఇది తెలిసిన ఏర్పాటే. బోరు నుంచి వచ్చే నీరు సన్నధారైనా ఆగదు. ట్యాంకులో నిల్వ ఉన్న నీటిని ఎంత వేగంగానైనా వదలవచ్చు, కానీ ఖాళీ అయితే అంతే. ఇంకో పోలిక కూడా సరిపోతుంది: లోతైన బోరులో మోటారు వేయగానే నీరు పైకి రాదు, కొంతసేపు పడుతుంది. శరీరం ఆక్సిజన్ తీసుకునే రేటు కూడా పరుగు మొదలైన మరుక్షణమే గరిష్ఠానికి చేరదు, దానికి ఒకటి నుంచి రెండు నిమిషాల దాకా పట్టవచ్చు. ఆ లోటును అంతవరకు ట్యాంకే తీరుస్తుంది.

800 మీటర్ల పరుగులో సుశిక్షితుడైన క్రీడాకారుడికి అవసరమయ్యే శక్తిలో సుమారు మూడింట రెండు వంతులు ఆక్సిజన్ దారిలో వస్తుందని ప్రయోగశాల కొలతలు చెబుతున్నాయి. 1500 మీటర్లలో ఆ వాటా ఐదింట నాలుగు వంతులు దాటుతుంది. పరుగు ఏడు నిమిషాలకు సాగితే ఇంకా పెరుగుతుంది. దూరం పెరిగేకొద్దీ ట్యాంకు వాటా చిన్నదవుతుంది కనుక దాన్ని ఎప్పుడు, ఎంత వాడాలన్నది మరింత జాగ్రత్తగా తేల్చుకోవాల్సిన విషయమవుతుంది.

ఈ ట్యాంకు ఖాళీ కావడమంటే ఏమిటి? కాళ్లలో ‘లాక్టిక్ యాసిడ్ నిండిపోయింది’ అని గ్రౌండులో సాధారణంగా చెబుతారు. వాస్తవం ఇంకాస్త జటిలం. కండరంలో తక్షణ శక్తినిచ్చే క్రియాటిన్ ఫాస్ఫేట్ నిల్వ తరిగిపోతుంది, ఫాస్ఫేట్ పేరుకుంటుంది, ఆమ్లత్వం పెరుగుతుంది. ఇవన్నీ కలిసి కండరం ముడుచుకునే బలాన్ని తగ్గిస్తాయి. లాక్టేట్ (లాక్టిక్ యాసిడ్‌కు ఒంట్లో ఉండే రూపం) నిజానికి తిరిగి ఇంధనంగా వాడుకోదగిన పదార్థం. నేరం అంతా దాని మీద మోపడం పాత అలవాటు. పరుగెత్తేవారికి పేరు ఏదైనా ఫలితం ఒకటే: తొడలు బిగుసుకుంటాయి, అడుగు పొడవు కుదించుకుపోతుంది, చేతులు ఎంత ఊపినా వేగం రాదు.

ఒక ఊహా ఉదాహరణతో లెక్క

క్రీడాశాస్త్రంలో ఒక సరళమైన నమూనా ఉంది. ప్రతి మనిషికీ ఎక్కువసేపు నిలుపుకోగల ఒక హద్దు వేగం ఉంటుంది. దానికి మించి పరుగెత్తినంత మేర ఒక పరిమితమైన నిల్వ తరుగుతుంది. ఆ నిల్వను మీటర్లలోనే కొలవవచ్చు.

ఒక అభ్యర్థి హద్దు వేగం సెకనుకు 3.5 మీటర్లు, నిల్వ 103 మీటర్లు అనుకుందాం. అతను రౌండుకు 108 సెకన్ల చొప్పున పరుగెత్తితే, హద్దు వేగంతో 378 మీటర్లే వచ్చే చోట 400 మీటర్లు పోతున్నాడు. రౌండుకు 22 మీటర్ల నిల్వ తరుగుతుంది, నాలుగు రౌండ్లకు 88. 432 సెకన్లలో గీత దాటుతాడు, ఇంకా 15 మీటర్ల నిల్వ మిగిలే ఉంటుంది.

అదే అభ్యర్థి మొదటి రౌండును పాత లెక్క ప్రకారం 85 సెకన్లలో ముగించాడనుకుందాం. ఆ 85 సెకన్లలో హద్దు వేగంతో వచ్చేది 297.5 మీటర్లు. మిగతా 102.5 మీటర్లూ నిల్వ నుంచే రావాలి. దాదాపు మొత్తం నిల్వ ఒక్క రౌండులోనే హరించుకుపోయింది. స్టాప్‌వాచ్ ప్రకారం అతను 23 సెకన్లు ‘ముందు’ ఉన్నాడు. మిగిలిన మూడు రౌండ్లనూ హద్దు వేగంతో, అంటే 114 సెకన్ల చొప్పున నడిపించగలిగితే కాగితం మీద గట్టెక్కుతాడు కూడా. కానీ నిల్వ ఖాళీ అయిన కండరం హద్దు వేగాన్ని కూడా నిలుపుకోలేదు. రౌండుకు 120 సెకన్లకు జారితే మొత్తం 445 సెకన్లు. గడువు పది సెకన్ల కిందటే దాటిపోయింది.

మనిషి ఒక్కడే, సత్తా ఒక్కటే. మొదటి సందర్భంలో అర్హుడు, రెండో సందర్భంలో అనర్హుడు. గమనించాల్సిన మరో సంగతి ఏమిటంటే, మూడో రౌండులో చతికిలబడినవాడికి తన ఓటమి దమ్ము చాలకపోవడం వల్ల వచ్చినట్టే తోస్తుంది. మరుసటి రోజు నుంచి మరింత గట్టిగా మొదటి రౌండు సాధన చేస్తాడు.

అయితే 800లో వేగంగా మొదలుపెట్టడం ఎందుకు?

2012 లండన్ ఒలింపిక్స్ 800 మీటర్ల ఫైనల్లో కెన్యాకు చెందిన డేవిడ్ రుడిషా 1 నిమిషం 40.91 సెకన్లతో నెలకొల్పిన ప్రపంచ రికార్డులో మొదటి రౌండు 49.28 సెకన్లు, రెండోది 51.63. మొదటి 200 మీటర్లు 23.4 సెకన్లు, చివరి 200 మీటర్లు 26.6. చివరి వంపు దాటాక రుడిషా వేగం పెంచినట్టు టీవీలో కనిపిస్తుంది. నిజానికి అతను నెమ్మదిస్తున్నాడు, వెనకున్నవారు ఇంకా ఎక్కువ నెమ్మదిస్తున్నారు. 800 మీటర్ల ‘చివరి ఉరుకు’లలో చాలావాటి రహస్యం ఇదే.

ఇది రుడిషా ఒక్కడి తీరు కాదు. పురుషుల 800 మీటర్ల ప్రపంచ రికార్డులు 26ను టకర్, ల్యాంబర్ట్, నోక్స్ అనే పరిశోధకులు 2006లో పరిశీలిస్తే, రెండో రౌండు మొదటిదానికంటే వేగంగా సాగినవి రెండే తేలాయి. మైలు పరుగు రికార్డుల్లో ఇందుకు భిన్నంగా మధ్య రౌండ్లు నెమ్మదిగా, మొదటిదో చివరిదో వేగంగా ఉంటాయి. కారణం పైన చెప్పిన రెండు దారుల లెక్కలోనే ఉంది. 800 మీటర్లు రెండు నిమిషాలలోపే ముగిసే పోటీ. చురుకుగా మొదలుపెడితే ఆక్సిజన్ తీసుకునే రేటు కూడా త్వరగా పైకి లేస్తుంది. నెమ్మదిగా మొదలుపెట్టినవారికి బోరు పూర్తిగా అందుకునే సరికి పోటీ సగం అయిపోతుంది, ట్యాంకులో వాడకుండా మిగిలిన నీటితో గీత దాటుతారు. పైగా మొదటి వంపు తర్వాత అందరూ లోపలి లేన్‌లోకి వస్తారు కనుక ముందు చోటు దొరకడం కూడా అవసరమే.

దీనికి మినహాయింపుగా తరచూ చెప్పే పేరు అమెరికాకు చెందిన డేవ్ వాటిల్. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో మొదట్లో అందరికంటే వెనకపడి, చివరి అడుగుల్లో అందరినీ దాటి 1 నిమిషం 45.86 సెకన్లతో స్వర్ణం గెలిచాడు. చూసినవారు అది మెరుపు ముగింపు అనుకున్నారు. అతని నాలుగు 200 మీటర్ల సమయాలు మాత్రం 26.4, 26.9, 26.4, 26.2. అతను వేగం పెంచిందే లేదు. ముందున్నవారు మొదట్లో ఎక్కువ ఖర్చు చేసి తర్వాత తగ్గారు. అంటే 800లో కూడా మితిమీరిన ఆరంభానికి మూల్యం ఉంది. రెండు సెకన్ల తేడా మంచిది, ఐదారు సెకన్ల తేడా చేటు.

భారతీయుల చరిత్రలోనూ ఇందుకు ఒక ప్రసిద్ధ ఘట్టం ఉంది. 1976 మాంట్రియల్ ఫైనల్లో శ్రీరామ్ సింగ్ మొదటి రౌండును 50.85 సెకన్లలో ముగించి అందరికంటే ముందున్నాడు. క్యూబాకు చెందిన అల్బెర్టో హువాంతోరెనా ఆ వేగాన్ని ఆసరా చేసుకుని 1 నిమిషం 43.50 సెకన్లతో ప్రపంచ రికార్డు కొట్టాడు. శ్రీరామ్ సింగ్‌కు ఏడో స్థానం దక్కింది. పతకం కోణంలో చూస్తే అది నష్టమే. కానీ అతని 1 నిమిషం 45.77 సెకన్ల సమయం 2018లో జిన్సన్ జాన్సన్ 1 నిమిషం 45.65 సెకన్లతో దాటేవరకు, 42 ఏళ్ల పాటు జాతీయ రికార్డుగా నిలిచింది. అదే 2018లో జకార్తా ఆసియా క్రీడల 800 ఫైనల్లో జిన్సన్‌ను చివరి వంద మీటర్లలో దాటి 1 నిమిషం 46.15 సెకన్లతో స్వర్ణం గెలిచినవాడు మన్‌జీత్ సింగ్. రికార్డు ఒకరిది, పతకం ఇంకొకరిది. రెండింటికీ కావలసిన నేర్పు ఒకటి కాదు.

1500: గడియారంతో పోటీ, మనుషులతో పోటీ

ఈ తేడా 1500 మీటర్లలో మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో అమెరికా పరుగువీరుడు మాథ్యూ సెంట్రోవిట్జ్ ముందుండి వేగాన్ని కావాలనే అణచిపెట్టాడు. మొదటి 800 మీటర్లకు 2 నిమిషాల 16 సెకన్లు దాటాయి. హైస్కూలు కుర్రాళ్లు కూడా అందుకోగల వేగం అది. చివరి రౌండును మాత్రం 50.62 సెకన్లలో చుట్టేశాడు. 3 నిమిషాల 50 సెకన్లతో స్వర్ణం, 1932 తర్వాత ఒలింపిక్ 1500 ఫైనళ్లలో అత్యంత నెమ్మదైన గెలుపు.

ఎనిమిదేళ్ల తర్వాత పారిస్‌లో కథ తిరగబడింది. నార్వేకు చెందిన జాకబ్ ఇంగెబ్రిట్సెన్ మొదటి 400 మీటర్లను 55 సెకన్లలోపే ముగించి మొదటి నుంచే అందరినీ అలసట పెట్టాలని చూశాడు. చివరి నేరుదారిలో అతనే అలసి నాలుగో స్థానానికి జారాడు. వెనక గాలి చాటున వచ్చిన అమెరికా పరుగువీరుడు కోల్ హాకర్ 3 నిమిషాల 27.65 సెకన్లతో ఒలింపిక్ రికార్డు నెలకొల్పాడు. ఇంగెబ్రిట్సెన్ 3 నిమిషాల 28.24 సెకన్లతో పాత ఒలింపిక్ రికార్డు సమయాన్ని తానూ మించిపోయి కూడా పతకం లేకుండా మిగిలాడు. సమయం దృష్ట్యా అతను చేసింది అద్భుతం. స్థానం దృష్ట్యా తన వేగాన్ని ప్రత్యర్థులకు దానం చేశాడు.

గడియారమే ప్రత్యర్థి అయినప్పటి తీరుకు పాత ఉదాహరణ బ్రిటన్‌కు చెందిన రోజర్ బ్యానిస్టర్. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో మైలును మొదటిసారి నాలుగు నిమిషాలలోపు, 3 నిమిషాల 59.4 సెకన్లలో పరుగెత్తినప్పుడు అతని నాలుగు రౌండ్లు 57.5, 60.7, 62.3, 58.9 సెకన్లు. ముందు క్రిస్ బ్రాషర్, తర్వాత క్రిస్ చాటవే అతని ముందు పరుగెత్తి వేగాన్ని నిలిపారు. మైలంటే 1609 మీటర్లు. పోలీసు పరీక్ష దూరానికి ఇంతకంటే దగ్గరి ప్రపంచ ఉదాహరణ లేదు. నాలుగు రౌండ్లలో అత్యంత వేగానికీ అత్యంత నెమ్మదికీ తేడా ఐదు సెకన్లలోపే ఉందన్నది గుర్తించదగినది. ప్రపంచం అబ్బురపడిన పరుగులోనే అంత తక్కువ తేడా ఉంటే, రౌండుకూ రౌండుకూ 30 సెకన్ల తేడాతో పరుగెత్తే అభ్యర్థి ఎంత వృథా చేస్తున్నాడో తెలుస్తుంది.

స్థానానికీ సమయానికీ మధ్య నిలిచే మరో పోటీ, ఏడు అంశాలు కలిసిన హెప్టాథ్లాన్‌లో చివరి అంశమైన 800 మీటర్లు. అందులో ఎవరి ముందు ఎవరు అన్నదాని కంటే ఎన్ని సెకన్లన్నదే పాయింట్లను తేలుస్తుంది. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో తెలంగాణకు చెందిన అగసర నందిని 5712 పాయింట్లతో కాంస్యం గెలిచింది. నాలుగో స్థానంలో ఉన్న స్వప్నా బర్మన్‌కు 5708. ఆ స్థాయిలో 800 మీటర్ల పరుగుకు సెకనుకు సుమారు 14 పాయింట్లు. నాలుగు పాయింట్లంటే సెకనులో మూడో వంతు కూడా కాదు.

వంపులు, గాలి, గుంపు

వేగం పంపకం కాళ్ల మీదే కాదు, ట్రాక్ మీద కూడా ఆధారపడుతుంది. 400 మీటర్ల ట్రాక్‌లో లేన్ వెడల్పు 1.22 మీటర్లు. లోపలి లేన్ వదిలి రెండో లేన్‌లో పరుగెత్తితే ఒక్కో వంపుకు సుమారు మూడున్నర మీటర్లు అదనం. నాలుగు రౌండ్లకు ఎనిమిది వంపులు, అంటే 28 మీటర్లు. సెకనుకు 3.7 మీటర్ల వేగంతో ఏడున్నర సెకన్లు. వంపులో ఎదుటివారిని దాటే ప్రయత్నం ఎందుకు దండగో ఈ లెక్కే చెబుతుంది. దాటాలనుకుంటే నేరుదారిలో దాటడం మేలు.

ఊళ్ల గ్రౌండ్లలో సున్నంతో గీసిన 200 మీటర్ల ట్రాక్‌లపై ఈ తేడా ఇంకా పెద్దది. గీతకు ఒక మీటరు బయటగా పరుగెత్తితే రౌండుకు ఆరు మీటర్లకు పైగా ఎక్కువ. 1600 మీటర్లకు ఎనిమిది రౌండ్లు కనుక 50 మీటర్లు. అక్కడ 7 నిమిషాల 25 సెకన్లు వస్తున్నాయని దిగులు పడేవారిలో కొందరు నిజానికి 1650 మీటర్లు పరుగెత్తుతున్నారు. ఇంకొందరు, ట్రాక్ చిన్నగా గీసిన చోట, తమకు తెలియకుండానే తక్కువ దూరం పరుగెత్తి ధీమాగా ఉంటారు. ఫోను జీపీఎస్ ఇలాంటి ఇరుకు వంపుల్లో మలుపులు కత్తిరించి చూపిస్తుంది కనుక దాన్ని పూర్తిగా నమ్మలేం. కొలత టేపుతో ఒకసారి గ్రౌండు కొలుచుకోవడం ఏ బూట్ల ఖర్చు కంటే చవకైన పని.

ఇక గాలి. 1971లో గ్రిఫిత్ ప్యూ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త సెకనుకు ఆరు మీటర్ల వేగంతో ఒకరి వెనక ఒక మీటరు దూరంలో పరుగెత్తినప్పుడు ఆక్సిజన్ అవసరం 6.5 శాతం తగ్గిందని కొలిచాడు. అందుకే పెద్ద పోటీల్లో పేసర్ల (వేగం నిలపడానికి ముందు పరుగెత్తేవారి) వెనక దాగుతారు. ఈ ఆదాకు హద్దు కూడా ఉంది. 2025 జూన్‌లో పారిస్‌లో కెన్యాకు చెందిన ఫెయిత్ కిప్యెగాన్ ముందూ వెనకా పదముగ్గురు పేసర్లతో మైలు పరుగెత్తినా 4 నిమిషాల 6 సెకన్లకు పైగా పట్టింది. తన రికార్డుకంటే కొంచెం మెరుగు, నాలుగు నిమిషాల లక్ష్యానికి మాత్రం చాలా దూరం. పోలీసు పరీక్ష వేగంలో గాలి అడ్డు ఇంకా తక్కువ. అక్కడ ఇంకొకరి వెనక పరుగెత్తడంలో అసలు లాభం గాలి చాటు కాదు, వేగాన్ని గురించి ఆలోచించే భారం తప్పడం. ముందున్నవాడు సరైన వేగంతో పోతున్నప్పుడు మాత్రమే అది లాభం.

గుంపు ఆరంభం ఇక్కడే దెబ్బ తీస్తుంది. పదుల మంది ఒకేసారి గీత మీద నిలబడతారు. విజిల్ పడగానే ముందువారు పరుగందుకుంటారు, వెనకవారు తప్పిపోతామన్న భయంతో వారిని అందుకుంటారు. మొదటి 100 మీటర్లు 18 సెకన్లలో పోవడం మామూలే. కావలసింది 27.

నల్లగొండ, మహబూబ్‌నగర్‌లో అదనంగా చూడాల్సినవి

2022 నోటిఫికేషన్ దేహదారుఢ్య పరీక్షలు డిసెంబరు 8న మొదలై జనవరిలోకి సాగాయి. చలికాలపు ఉదయాలు పరుగుకు అనుకూలమే, కానీ ధ్రువపత్రాల పరిశీలన, కొలతలు, వరుసలో నిరీక్షణ మధ్య చేసిన వార్మప్ చల్లారిపోతుంది. చల్లారిన శరీరం ఆక్సిజన్ తీసుకోవడంలో మరింత ఆలస్యం చేస్తుంది. అలాంటి స్థితిలో వేగంగా మొదలుపెడితే ట్యాంకు మీద పడే భారం ఇంకా పెరుగుతుంది. తమ వంతుకు కాస్త ముందు నాలుగైదు నిమిషాలు మెల్లగా జాగింగ్, రెండు మూడు చిన్న ఉరుకులు వేసుకోవడం మొదటి రౌండును తేలిక చేస్తుంది.

సాధన మాత్రం చాలామందికి వేసవిలోనే జరుగుతుంది. నల్లగొండ, మిర్యాలగూడ వైపు మే నెల ఎండ 45 డిగ్రీలకు చేరే ప్రాంతం. వేడిలో గుండె రక్తాన్ని కండరాలకే కాక చర్మానికి కూడా పంపాలి. అదే వేగానికి నాడి ఎక్కువ కొట్టుకుంటుంది. మే నెలలో 7 నిమిషాల 30 సెకన్లు తీసుకున్న అభ్యర్థి డిసెంబరులో గడువులోపు రావడానికి అవకాశం ఉంది. ఈ సంగతి తెలియక వేసవి సమయాలు చూసి బెంగపడి, రోజూ పూర్తి 1600 మీటర్లను ప్రాణం పెట్టి పరుగెత్తి పిక్కలు, మోకాలి కింది ఎముక నొప్పులు తెచ్చుకునేవారు తక్కువేమీ కాదు. పొలాల మధ్య కాలువ గట్లు, బైపాస్ పక్కన మట్టిబాట దీర్ఘమైన నెమ్మది పరుగుకు మంచివి. వేగం నేర్చుకోవడానికి మాత్రం కొలిచిన దూరం తప్పనిసరి.

435 సెకన్ల పంపకం

హద్దు మీద ఉన్న అభ్యర్థికి మొదటి రౌండు 106 నుంచి 108, రెండు, మూడు రౌండ్లు 108 నుంచి 109, చివరిది 105 లేదా ఒంట్లో ఎంత మిగిలితే అంత. మొత్తం 427 నుంచి 431 మధ్య వస్తుంది. సంఖ్యల కంటే కష్టమైనది మొదటి 200 మీటర్లను 53 సెకన్లకు తగ్గకుండా పోవడం. ఆ వేగం మొదట్లో అవమానంగా అనిపించేంత తేలికగా ఉంటుంది. వెనకపడ్డట్టు కనిపిస్తుంది. రెండో రౌండు చివరికి ముందున్న గుంపు పలచబడటం మొదలైతే లెక్క సరిగా ఉన్నట్టు.

మూడో రౌండు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బ్యానిస్టర్‌కు కూడా అదే అన్నింటికంటే నెమ్మదైన రౌండు. ఆరంభపు ఊపు అప్పటికి పోతుంది, చివరి రౌండు అన్న ఆశ ఇంకా రాదు. సాధనలో 400 మీటర్లను 108 సెకన్లలో నాలుగుసార్లు, మధ్యలో ఒక నిమిషం విరామంతో పరుగెత్తేవారు ఈ మూడోదాన్ని గడియారంతో సరిచూసుకుంటే తమ లోపం ఎక్కడుందో తెలుస్తుంది. వారాలు గడిచేకొద్దీ వేగం పెంచకుండా విరామాన్ని తగ్గించుకుంటూ పోతే సరిపోతుంది. ప్రతి 200 మీటర్లకు ఒక మిత్రుడు సమయం గట్టిగా చదివితే రెండు మూడు వారాల్లో కాళ్లకే వేగం తెలుస్తుంది.

మహిళల 800 మీటర్ల లెక్క వేరు. రౌండుకు 160 సెకన్లంటే సెకనుకు రెండున్నర మీటర్లు, మామూలు జాగింగ్ వేగం. ఇక్కడ ప్రమాదం మరో రూపంలో ఉంది. పాత 100 మీటర్ల పరీక్ష అలవాటుతో ఉరుకుగా మొదలుపెట్టి, ఒక రౌండు తర్వాత నడకకు దిగడం. మొదటి 400 మీటర్లను 120 సెకన్లలో ముగించి, మిగతాది సెకనుకు 1.7 మీటర్ల చురుకైన నడకతో పూర్తి చేసినా మొత్తం 355 సెకన్లవుతుంది, గడువు 320. ఆగకుండా 155 సెకన్ల రౌండ్లు రెండు వేసిన అభ్యర్థి పది సెకన్లు మిగుల్చుకుని గీత దాటుతుంది. అంటే వీరికి కావలసింది వేగ సాధన కాదు, ఆగకుండా పది పన్నెండు నిమిషాలు మెల్లగా పరుగెత్తగల అలవాటు.

దీని ప్రభావం పాఠశాల క్రీడలపై

నియామక పరీక్షల ప్రభావం ఆ పరీక్షలకే పరిమితం కాలేదు. ఒకే గ్రౌండు, ఒకే పీఈటీ సారు, ఒకే స్టాప్‌వాచ్ ఉన్న చోట పాఠశాల పోటీలకు వెళ్లే పిల్లలు కూడా అభ్యర్థుల పక్కనే సాధన చేస్తారు. ఇక్కడ పొరపాటు తలకిందులుగా జరిగే అవకాశం ఉంది. సమాన వేగం సూత్రం 1600కు సరైనదని తేలాక, అదే సూత్రాన్ని జిల్లా స్థాయి 800 మీటర్ల పోటీకి పట్టుకెళ్లే విద్యార్థి మొదటి వంపు దాటేసరికి గుంపు వెనక చిక్కుకుంటాడు. ముందుకు రావాలంటే రెండో, మూడో లేన్‌లోకి రావాలి, ఆ అదనపు మీటర్లు మోయాలి. 2 నిమిషాల 10 సెకన్ల సత్తా ఉన్న కుర్రాడికి మొదటి రౌండు 63 నుంచి 64, రెండోది 66 నుంచి 67 అన్నది ఆ పోటీకి తగిన పంపకం. 65, 65 అనే పంపకం కాగితం మీద అందంగా ఉంటుంది, లోపలి లేన్‌లో చోటు మాత్రం ఇవ్వదు. అతని పక్కన 1600 సాధన చేస్తున్న అభ్యర్థికి 63 సెకన్ల రౌండు అనేదే ఉండకూడదు. ఇద్దరికీ ఒకే విజిల్ మీద ఆరంభం ఇవ్వడం మానేసి, రెండు గుంపులుగా విడదీసి సమయాలు చదవడం మొదలుపెట్టిన మైదానాల్లో ఈ గందరగోళం సగానికి సగం తీరుతుంది.